కార్తీకంలో రొయ్యల పచ్చడి

బాపట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను కామర్స్ చెబుతాను. అందులో, వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో నేర్పే పేపరు ఒకటుంది. దాన్ని ఎవరు చెబుతారని ప్రిన్సిపాల్ గారు అడిగిన రోజున స్టాఫ్‌రూమ్‌లో అందరూ తమ తమ ఫోన్లలోకి తలలు దించుకున్నారు. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. ఆ పేపరు నాకు అలా వచ్చింది.

నాలుగేళ్లుగా చెబుతున్నాను. నా దగ్గర చదివినవాళ్లలో ఇంతవరకూ ఎవరూ వ్యాపారం మొదలుపెట్టలేదు కాబట్టి ఎవరూ నష్టపోలేదు కూడా. ఆ విషయంలో నా రికార్డు శుభ్రంగా ఉంది.

మొన్న దసరా సెలవులయ్యాక మొదటి క్లాసులో, ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఫోన్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“సార్, ఈ వీడియో చూశారా సార్? మన పక్కనే సార్, రేపల్లె. పచ్చళ్ల బిజినెస్సు. మా హాస్టల్లో అందరం చూశాం.”

చూశాను. తెల్లకారు ముందు ఒకడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పైన కోటు, నెత్తి మీద నల్లకళ్లద్దాలు. కింద ఎర్రటి అక్షరాల్లో ‘జీరో నుంచి నేను ఇక్కడిదాకా’ అని ఉంది. మనిషిని పోల్చుకోవడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు. తెనాలిలో బీకాం చదివినప్పుడు మూడేళ్లు నా పక్కన కూర్చుని, పరీక్షల్లో నా పేపర్లో చూసి రాసి, నాకన్నా రెండు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నవాడు.

“ఎలా ఉంది సార్?” అంది అమ్మాయి.

“పర్వాలేదు,” అన్నాను.

ఇంతలో వీడియోలో అసలు కథ మొదలైంది.

“ఫ్రెండ్స్, నా దగ్గర ఏమీ లేదు. నలభై సీసాల రొయ్యల పచ్చడి తప్ప. మొదలుపెట్టింది ఎప్పుడో తెలుసా? కార్తీకమాసం మొదటిరోజు! ఒక్కళ్లు కూడా కొనలేదు ఫ్రెండ్స్. మా అమ్మే ఇంట్లోకి రానివ్వలేదు. తెనాలి స్టేషన్లో, రేపల్లె బండి ఆగే ప్లాట్‌ఫాం మీద, చివరి బెంచీలో, ఆ సీసాల పెట్టె పక్కన పెట్టుకుని ఏడ్చాను. ఆ బెంచీ మీదే ఒక నిర్ణయం తీసుకున్నా…”

క్లాసు నిశ్శబ్దంగా వింటోంది. నేను అకౌంటెన్సీ చెప్పినప్పుడు కూడా నిశ్శబ్దంగానే ఉంటారు, కానీ ఆ నిశ్శబ్దం వేరు.

వాడు చెప్పిన దాంట్లో అబద్ధం దాదాపు లేదు. నలభై సీసాలు నిజం. కార్తీకం నిజం. అమ్మ రానివ్వకపోవడం నిజం. చివరి బెంచీ కూడా నిజం. ఒక్కటే తేడా: అవన్నీ జరిగింది నాకు.

మోసపోయినవాడికి కోపం రావాలంటారు. నాకు ముందుగా వచ్చింది కుళ్ళు. ఎందుకంటే ఆ కథ వాడి నోట్లో చాలా బాగుంది. ఎనిమిదేళ్లుగా నా దగ్గర ఊరికే పడి ఉన్న కథ అది. దాన్ని అలా చెప్పొచ్చని నాకు తట్టనేలేదు. నిజానికి నేను దాన్ని అసలు చెప్పనేలేదు.

ఎనిమిదేళ్ల కిందట, ఫోన్లో డేటా చవకైన కొత్తలో, ఎమ్‌కాం చేతబట్టుకుని చెరుకుపల్లిలో మా ఇంట్లో ఖాళీగా ఉండేవాణ్ణి. మాది వరి పండించే కుటుంబం. నాకు వరి పని రాదు. పొద్దున్నుంచీ ఫోన్లో వ్యాపార సలహాలు వినేవాణ్ణి. అందులో ఒకాయన గడ్డం సవరించుకుంటూ రోజూ ఒకటే మాట చెప్పేవాడు: మంచిరోజు కోసం చూడకండి, మీరు సిద్ధమైన రోజే మంచిరోజు, ఈరోజే మొదలుపెట్టండి. ఆయన ఏ ఊరివాడో, ఆ ఊళ్లో ఏ నెలలో ఏం తింటారో నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు.

రొయ్యల పచ్చడి అమ్ముదామనుకున్నాను. వీడియోలో ఉన్న ఈ బీకాం స్నేహితుడి వాళ్లమ్మ రేపల్లె నుంచి బస్సులో మా ఊరొచ్చి, గంపలో ఎండుచేపలూ ఎండురొయ్యలూ ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. మా ఇంటికీ వచ్చేది. ఆమెని నేను పిన్నీ అంటాను. ఆమె చేతి రొయ్యల పచ్చడి ఒకసారి తిన్నవాళ్లు రెండోసారి అడగకుండా ఉండటం నేను చూడలేదు. ఆమె చేతే నలభై సీసాలు పెట్టించాను. లేబుల్ నేనే తెనాలిలో అచ్చు వేయించాను. దాని మీద ‘స్వచ్ఛమైన’ అన్న మాట రెండుసార్లు ఉంది. మొత్తం వ్యాపారంలో నాది అనదగ్గది ఆ లేబులే.

దీపావళి మర్నాడు మొదలుపెట్టాను. సిద్ధమైంది ఆరోజే కాబట్టి.

బయటివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు దీపావళి అమావాస్య దాటగానే కార్తీకం వస్తుంది. నెల్లాళ్లు చాలా ఇళ్లలో నీచు ముట్టరు. వంటింట్లోకి రానివ్వరు, ఆ మాట కూడా మెల్లగా అంటారు. చికెన్ కొట్టువాళ్లు సైతం ఆ నెల్లోనే పెళ్లిళ్లకీ ఊళ్లకీ వెళ్లొస్తారు. ఇది మా దగ్గర పసిపిల్లలకీ తెలుసు. ఎమ్‌కాం చదివినవాడికి మాత్రం ఫోన్లో చెప్పలేదు.

మా అమ్మ పెట్టె మూత తీసి చూసి, తలస్నానం చేసిన జుట్టు ముడేసుకుంటూ, “ఇవి గడప దాటితే నేను దాటను” అంది. తెనాలిలో ఒక కిరాణా కొట్టాయన సీసా చేతిలోకి కూడా తీసుకోలేదు. “బాబూ, కార్తీకం. పక్కన పూజ సామాను ఉంది. ముందు ఆ పెట్టె మెట్ల కింద పెట్టి మాట్లాడండి” అన్నాడు. ఇంకో మూడు కొట్లు తిరిగి, రేపల్లె బండి కోసం స్టేషన్లో చివరి బెంచీలో కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ సంచిలో వత్తులూ ఉసిరికాయలూ ఉన్నాయి. నా పెట్టె మీది లేబుల్ చదివి, సంచి గుండెలకి హత్తుకుని అవతలి బెంచీకి వెళ్లిపోయింది. వాళ్లు ఏమీ అనకుండా వెళ్తేనే ఎక్కువ తగులుతుంది.

నేను ఏడవలేదు. కళ్లు కొంచెం మండాయి. అది కారం వల్ల కూడా కావచ్చు, ఒక సీసా మూత వదులైంది.

రేపల్లెలో దిగి పెట్టె స్నేహితుడి ఇంట్లో పెట్టి, జరిగిందంతా వాడికొక్కడికే చెప్పాను. ఆ తర్వాత నాకు బాపట్ల కాలేజీలో ఉద్యోగం వచ్చింది. కార్తీకం వెళ్లాక వాడు ఆ సీసాలు అమ్మేశాడని విన్నాను. ఇంతే కథ.

వీడియో చూసిన సాయంత్రం బాపట్లలో బండెక్కి తెనాలిలో ఇంటికి చేరేసరికి, మా ఆవిడ సోఫాలో కూర్చుని అదే వీడియో చూస్తోంది. ఆ రోజుకి నాకది చాలనుకున్నాను. చాల్లేదు.

మా ఆవిడ తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లుగా లెక్కల టీచరు. పదో తరగతి ఆమెదే. ఆ తరగతి ఇవ్వడానికి ఆ స్కూలు ఏడేళ్లు ఆగింది. ఆమె చేసే కరివేపాకు కారం, నువ్వులపొడి స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బాలు దాటి ఎప్పుడో పేరు తెచ్చుకున్నాయి.

“ఏవండీ, ఈయన్ని చూడండి. మీ చెరుకుపల్లి వైపేనంట.”

“చూశాను.”

“ఎలా ఉంది?”

“పర్వాలేదు.”

“పర్వాలేదేంటండీ! కార్తీకంలో రొయ్యల పచ్చడి పెట్టినాయన ఇంతవాడయ్యాడు. ఎంత తెలివితక్కువ పనండీ అది? అయినా నిలబడ్డాడు. మరి నేను పెట్టేది కరివేపాకు కారం. దానికి అడ్డేముంది?”

“తెలివితక్కువ అనక్కర్లేదు. అనుభవం లేకపోవచ్చు,” అన్నాను.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి మడత పెట్టిన కాయితం తీసింది. రాజీనామా. చేతిరాత ఎప్పట్లాగే ముద్దుగా ఉంది, కింద సంతకం కూడా అయిపోయింది.

“సోమవారం మేడంకి ఇచ్చేస్తా. ఆయన చెప్పాడుగా, ఉద్యోగం ఉన్నంతకాలం మనకి ఆకలి ఉండదంట. ముందు ఉద్యోగం మానాలంట. అప్పుడే మనసు పెడతామంట.”

ఆ సలహా ఇచ్చినవాడు జీవితంలో ఏ ఉద్యోగమూ చెయ్యలేదు. కాబట్టి మానే అవకాశమూ రాలేదు. ఈ సంగతి నాకు తెలుసు. మధ్యలో మానేసిన టీచర్లని ఆ స్కూలు మళ్లీ తీసుకోదనీ, పదో తరగతి కోసం ఇద్దరు కొత్త టీచర్లు కాచుకుని ఉన్నారనీ మా ఇద్దరికీ తెలుసు. సోమవారం ఆ కాయితం బల్ల దాటితే ఆ తరగతి పోయినట్టే.

నేను ఒక్క మాట చెబితే చాలు: ఆ కథ వాడిది కాదు. అప్పుడు ఆమె అడుగుతుంది, మీకెలా తెలుసని. పెళ్లయి ఆరేళ్లు. నలభై సీసాల సంగతి నేను ఏనాడూ చెప్పలేదు. పెళ్లిచూపుల్లో ఎవరూ అడగలేదు, అడగనివి చెప్పడం నాకు అలవాటు లేదు. పైగా ఇప్పుడే ఆమె ఆ పని చేసినవాణ్ణి ఏమందో విన్నాను.

“ఇలాంటి వీడియోల్లో అన్నీ నిజాలుండవు,” అన్నాను.

“ఏది నిజం కాదు?”

“ఆ కారు వాడిది కాకపోవచ్చు.”

ఆమె నన్ను పరీక్ష పేపరు దిద్దేటప్పుడు చూసే చూపు చూసింది.

“మీకు కుళ్ళు.”

“నాకా?”

“మీకే. నాకు బెస్ట్ టీచర్ ఇచ్చినరోజు కూడా ఇలాగే ‘పర్వాలేదు’ అన్నారు. అప్పుడే అనుకున్నా.”

మర్నాటినుంచి పరిశోధన మొదలుపెట్టాను. కుళ్ళు మనిషికి ఎంత ఓపిక ఇస్తుందో అప్పుడు తెలిసింది. పీహెచ్‌డీకి ఇందులో పావువంతు ఓపిక పెట్టినా ఈపాటికి అయిపోయేది. ముందు కారు. రేపల్లె నుంచి మా కాలేజీకి వచ్చే బస్సు డ్రైవరుకి టీ తాగించి అడిగాను.

“ఆయనదేనండి కారు. అద్దెదేం కాదండి. మొన్న మా వీధిలో పెద్దాయనకి ఒంట్లో బాగోకపోతే ఆయనే ఎక్కించుకుని గుంటూరు తీసుకెళ్లాడండి. డీజిలు కూడా తీసుకోలేదండి.”

కారు వాడిదే. పైగా మంచివాడు కూడా. టీ నేనే తాగించాను.

పచ్చళ్ల షెడ్డు నిజం. అందులో పదిమంది ఆడవాళ్లు పనిచేస్తున్న మాట నిజం. హైదరాబాదుకి పార్సిళ్లు వెళ్తున్న మాట నిజం. సక్సెస్ కథల్లో సగం కట్టుకథలేనని మా పేపర్లో ఒక పాఠమే చెబుతాను నేను. నా ఖర్మ కొద్దీ నాకు తెలిసిన ఒకే ఒక్క సక్సెస్ కథ, నా దగ్గర తీసుకున్న ముక్క తప్ప, మొత్తం నిజమై కూర్చుంది.

శనివారం రాత్రి అన్నం తింటూ ఆమెతో అన్నాను: “రేపు రేపల్లె వెళ్దాం. వాళ్లింటికి. నీ కళ్లతో చూసి అప్పుడు ఇద్దువుగాని.”

“మీకాయన తెలుసా?”

“కొంచెం.”

నా పథకం ఏమిటంటే, నా ముందు వాడు ఆ కథ చెప్పలేడు. నీళ్లు నములుతాడు. అప్పుడు నేను నోరు విప్పనక్కర్లేకుండా అన్నీ బయటపడతాయి. ధైర్యవంతుల పథకం కాదని నాకూ తెలుసు.

తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజర్‌లో గంట ప్రయాణం. రెండువైపులా వరి ఈనికకి వస్తోంది. ఆమె కిటికీ పక్కన కూర్చుని చిన్న నోటుపుస్తకంలో వాణ్ణి అడగాల్సిన ప్రశ్నలు రాసుకుంటోంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కో దాని కింద జవాబుకి జాగా. నన్ను ఆమె ఇంతవరకూ అన్ని ప్రశ్నలు అడగలేదు.

ఊరు దాటాక కాలవగట్టు పక్కన వాళ్లిల్లు. ముందు తెల్లకారు ఉంది. ఎంత తెలుపంటే, ఎదురుగా నిలబడితే నా చొక్కా పసుపుపచ్చగా కనిపించింది. వరండాలో లైట్లు పెట్టుకుని వాడు వీడియో తీసుకుంటున్నాడు. నడుం పైన కోటు, టై. నడుం కింద గళ్ల లుంగీ. కెమెరాకి కనపడేది పై సగమే.

“మావా!” అని లుంగీతోనే పరిగెత్తుకొచ్చి కావలించుకున్నాడు. “ఏరా, తెనాల్లో ఉండి ఆరేళ్లు కనపడవేంట్రా! అక్కా, రండి రండి. వీడు నాకు మూడేళ్లు పేపరు చూపించాడక్కా, లేకపోతే నేను పాసయ్యేవాణ్ణి కాదు.”

మా ఆవిడ నావైపు తిరిగింది. “కొంచెం తెలుసు అన్నారు?”

అప్పటికే పెరట్లోంచి కేక వినపడింది. “ఎవరూ, చెరుకుపల్లి అబ్బాయేనా?”

పిన్ని. నేలమీద కాళ్లు బారజాపుకుని, చేటలో ఎండురొయ్యలు పోసుకుని తలలు తుంచుతోంది. ఎనిమిదేళ్లలో జుట్టు తెల్లబడింది కానీ చేతులు అదే వేగంతో ఆడుతున్నాయి.

“ఏం నాయనా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా? ఈ తల్లి నా కోడలా? రామ్మా, ఇలా కూర్చో. మీ ఆయన నలభై సీసాలు తెచ్చి నా మంచం కింద పడేసి పోయాడు, ఎరుగుదువా? నెల్లాళ్లు నేను కాలు ముడుచుకుని పడుకున్నా.”

“ఏ సీసాలు అత్తయ్యగారూ?” అంది మా ఆవిడ. కూర్చోలేదు.

“రొయ్యల పచ్చడమ్మా. నేను పెడుతూనే చెప్పా, ఒరే నాయనా రేపట్నుంచి కార్తీకం గదరా, ఎవరు కొంటారని. ‘ఫోన్లో చెప్పారు పిన్నీ, ఈరోజే మొదలెట్టాలంట’ అన్నాడు. ఫోన్లో చెప్పినోడు కొంటాడా మరి?” అని ఆమె పగలబడి నవ్వింది. “తెనాలంతా తిరిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని, మొహం ఇంత చేసుకుని వచ్చాడు. కంచంలో అన్నం పెడితే కలుపుతాడు గానీ తినడు.”

వాడు లుంగీ సరిచేసుకుంటూ ఆకాశం వైపు చూశాడు. నేను కాలవ వైపు చూశాను. మా ఆవిడ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత పిన్ని పక్కన నేలమీద కూర్చుని, చేటలోంచి గుప్పెడు రొయ్యలు ఒళ్లోకి తీసుకుని తలలు తుంచడం మొదలుపెట్టింది. నోటుపుస్తకం పక్కన తెరిచి పెట్టుకుంది.

“మరి ఆ నలభై ఎవరు కొన్నారు అత్తయ్యగారూ?”

“ఇంకెవరమ్మా, నా గంప ఇళ్లే. కార్తీకం అయ్యాక పోలిపాడ్యమినాడు అరటిదొప్పల్లో దీపాలు వదిలి, పోలిని స్వర్గానికి పంపేశాక చూడు జనాన్ని! నెల్లాళ్లు నోరు కట్టుకున్నోళ్లు. మర్నాడు పొద్దున్నే గంపలో పెట్టుకుని బస్సెక్కా. చెరుకుపల్లి సగం వీధులు తిరిగేసరికి అయిపోయాయి. వీళ్లమ్మకి, అదే మీ అత్తగారికి కూడా రెండు ఇచ్చా. కొడుకు సీసాలేనని చెప్పలే.”

“ఎన్నేళ్లనుంచి తిరుగుతున్నారు?”

“పాతికేళ్లు దాటింది తల్లీ. ఏ ఇంట్లో కారం ఎక్కువ తింటారో, ఏ కోడలు నీళ్లోసుకుందో అన్నీ తెలుసు. కార్తీకంలో అమ్మకూడదమ్మా, కొనాలి. అప్పుడు రొయ్యని అడిగే దిక్కుండదు. ఎండ కాసినరోజున ఎండబెట్టుకుని, పోలి వెళ్లేదాకా కదలకూడదు.”

మా ఆవిడ అది రాసుకుంది. తర్వాత తలెత్తి, “మరి వీడియోలో మీ గురించి లేదేంటి?” అంది.

“నేనేం చేశానమ్మా,” అంది పిన్ని, నిజంగానే అర్థంకాక. “పచ్చడి పెట్టా. అమ్ముకొచ్చా. అంతేగా.”

వాడు నన్ను కారు వెనక్కి లాక్కుపోయాడు.

“కోపమొచ్చిందా మావా?”

“పర్వాలేదు.”

“నువ్వు పర్వాలేదన్నావంటే వచ్చిందనే. విను. మా అమ్మ గంప మీద మొదటే వీడియో పెట్టా. పాతికేళ్లు, అన్ని ఊళ్లు, అంతా నిజం. ఎవరూ చూళ్లేదు మావా. మా మేనత్త రెండుసార్లు చూసింది, అంతే. సరేనని నీ బెంచీ పెట్టా. జనం పడిపోయారు.”

“అది నాది.”

“నీదే. కానీ నువ్వు వాడట్లేదు కదా మావా.”

వాడట్లేదు, నిజమే. ఇంట్లో ఒక మంచి వస్తువు అటక మీద పడేసి, పక్కింటివాడు అడక్కుండా తీసుకెళ్లి తుడిచి హాల్లో పెట్టుకుంటే, మనకి కోపం వాడు తీసుకెళ్లినందుకా, అది అంత బాగుందని ముందే తెలియనందుకా?

“అయినా నేను అడిగానుగా,” అన్నాడు వాడు. “సీసాలు అమ్ముడుపోయిన వారమే మీ ఇంటికొచ్చా. ‘ఇంకో వంద పెడదాం మావా, చెరిసగం’ అన్నా. రెండుసార్లు అడిగా. నువ్వే కాలేజీలో చేరుతున్నా, ఈ పచ్చళ్లవీ నాకెందుకన్నావు.”

అడిగాడు. ఇందాక ఆ భాగం రాసినప్పుడు నేను ఈ ముక్క వదిలేశాను. ‘అమ్మేశాడని విన్నాను’ అని రాశాను. విన్నది వాడి నోటినుంచే, మా వరండాలో, వాడు నా వాటా డబ్బు చేతిలో పెట్టి మరీ చెబుతుంటే. అప్పుడు నాకు వాణ్ణి చూసి కొంచెం జాలి కూడా వేసింది. లెక్చరరు కాబోతున్నవాణ్ణి. వాడు కథలోంచి వాళ్లమ్మని వదిలేసినట్టే నేను దీన్ని వదిలేశాను. చెప్పుకునే కథలో ఎవరికి అడ్డొచ్చింది వాళ్లు తీసేస్తారు. వాడిది జనం నమ్ముతున్నారు, నాది ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే నమ్మాను.

“మార్చమంటే మార్చేస్తా మావా,” అన్నాడు. “నీది నీకే ఇచ్చేస్తా. పేరు చెప్పను.”

“మార్చు,” అన్నాను. ఏమని మారుస్తాడో అడగలేదు.

తిరుగు బండిలో మా ఆవిడ నోటుపుస్తకం మూసి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసింది. ఒళ్లో పిన్ని ఇచ్చిన రొయ్యల పచ్చడి సీసా ఉంది. దాని లేబుల్ మీద వాడు చేతులు కట్టుకుని ఉన్నాడు. నేనే మొదలుపెట్టాను.

“చెప్పాల్సింది.”

“ఆరేళ్లండీ.”

“అవును.”

“నిజంగా ఏడ్చారా బెంచీ మీద?”

“లేదు. మూత వదులైంది.”

ఆమె కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది. ఎదుటి సీటులో ఆయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. “దీపావళి మర్నాడు… రొయ్యల పచ్చడి…” అని ఆమె మాట పూర్తిచేయలేక కళ్లు తుడుచుకుంది. పెళ్లయ్యాక నన్ను చూసి ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వుకి నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది, చెప్పుకోకూడదు గానీ.

తెనాలి దగ్గరపడుతుండగా అంది: “ఆవిడకి గంప ఇళ్లున్నాయి. నాకు తొమ్మిదేళ్లుగా పాఠం చెప్పిన పిల్లలున్నారు. ఒక్కొక్కళ్లకీ ఒక అమ్మ. పేరెంట్స్ మీటింగులో నా కూర డబ్బా వాసన చూసి అడిగినవాళ్లే ఉన్నారు. స్కూలు మానేస్తే వాళ్లెక్కడ దొరుకుతారండీ నాకు?”

“రాజీనామా మరి?”

“ఆలోచిస్తా.”

సోమవారం ఆమె ఎప్పట్లాగే చీరకట్టుకుని స్కూలుకి వెళ్లింది. ఆ సాయంత్రం బల్ల మీద పదో తరగతి లెక్కల పుస్తకం ఉంది. అందులోంచి మడత కాయితం కొంచెం బయటికి వచ్చి ఉంది. తెరిచి చూశాను. రాజీనామాయే. రేపు చెప్పాల్సిన పాఠం దగ్గర గుర్తుగా పెట్టుకుంది.

దీపావళి మర్నాడు ఆమె కరివేపాకు కారం మొదలుపెట్టింది. నేను క్యాలెండరు వైపు చూశాను. “కార్తీకం” అన్నాను, అనుభవజ్ఞుడిలాగా.

“అందుకేనండీ. నెల్లాళ్లు నీచు తినని ఇళ్లలో అన్నంలోకి ఏం కలుపుకుంటారు?”

ఎనిమిదేళ్ల కిందట నేను తలకిందులుగా పట్టుకున్న కాయితాన్ని ఆమె మామూలుగా పట్టుకుని చదివింది. రెండో వారానికే ఇంట్లో మిక్సీ ఆగడం మానేసింది. పిల్లల తల్లులు స్కూలు గేటు దగ్గర డబ్బాలు తీసుకుంటున్నారు, తర్వాత వాటినే కడిగి మళ్లీ నింపడానికి తెస్తున్నారు. ఎలా ఉందని ఆమె నన్ను అడగడం లేదు. ఇప్పుడు ఒకే ఇంట్లో ఉన్న మనిషి మీద కూడా నాకు కుళ్ళు. దూరం ప్రయాణం చేసే పని తప్పింది.

వాడు మాట తప్పలేదు. కార్తీకం మధ్యలో కొత్త వీడియో పెట్టాడు. ముందు బెంచీ అమ్మాయే మళ్లీ తెచ్చి చూపించింది.

“ఫ్రెండ్స్, ఒక నిజం చెప్పాలి. ఆ బెంచీ మీద ఏడ్చింది నేను కాదు, నా ఫ్రెండు. అతను అక్కడితో వదిలేశాడు. నేను వదల్లేదు. తేడా అదే ఫ్రెండ్స్!”

“సార్, ఆ ఫ్రెండు పాపం సార్,” అంది అమ్మాయి. “చేతిదాకా వచ్చింది వదులుకున్నాడు. ఎంత తెలివితక్కువాడో చూడండి సార్.”

“అనుభవం లేకపోవచ్చు,” అన్నాను.

ఆ వీడియోని మొదటిదానికన్నా ఎక్కువమంది చూశారు. ఇందులో కూడా పిన్ని లేదు.

పిన్ని ఇచ్చిన సీసా మాత్రం ఇంట్లో అలాగే ఉంది. మా ఆవిడ కూడా కార్తీకం పాటిస్తుంది. వంటింట్లోకి రానివ్వలేదు. వరండాలో చెప్పుల స్టాండు మీద నెల్లాళ్లు ఉంది. పొద్దున్నే షూ లేసులు కట్టుకునేటప్పుడు ఎదురుగా వాడు చేతులు కట్టుకుని నన్నే చూసేవాడు. మూడోరోజున సీసాని గోడవైపు తిప్పాను. వెనకవైపు కూడా వాడి బొమ్మే ఉంది, చిన్నది.

పోలిపాడ్యమి వెళ్లిన మర్నాడు ఆదివారం. వేడి అన్నంలో సీసా మూత తీసి వేసుకున్నాను. నూనె, వెల్లుల్లి, పిన్ని చెయ్యి. ఎనిమిదేళ్ల కిందటి రుచి అణువంత కూడా మారలేదు. రెండోసారి వేసుకున్నాను. మూడోసారి వేసుకుంటుండగా మా ఆవిడ మిక్సీ ఆపి, గుమ్మంలోంచి అడిగింది.

“ఎలా ఉంది?”

నోట్లో ముద్ద ఉంది. మింగి, మంచినీళ్లు తాగి చెప్పాను.

“పర్వాలేదు.”